పుంగనూరులో ఉడకబెట్టిన సముద్రం

ఈ మధ్య మా పాత ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు నన్ను పిలిచి, తాము తయారుచేసిన సముద్రం గది చూపించారు. గోడ మీద వేలు పెడితే తిమింగలం ఈదుకుంటూ వస్తుంది. నేల మీద అడుగు వేస్తే అల వెనక్కి జరుగుతుంది. చెప్పులు మాత్రం తడవవు. చాలా బాగుందన్నాను, నిజంగానే బాగుంది. తర్వాత టీ తాగుతుంటే ఒక అమ్మాయి అడిగింది. "సార్, మీ రోజుల్లో కూడా ఇంటరాక్టివ్ ఎగ్జిబిట్లు ఉండేవా?"

ఉండేవి తల్లీ. మీ ఎగ్జిబిట్‌ను జనం వేలితో ముట్టుకుంటున్నారు. మా ఎగ్జిబిట్‌ను ఇంటికి పట్టుకెళ్లి పొయ్యి మీద ఉడకబెట్టారు. ఆ రోజు టీ అయిపోయేలోగా చెప్పలేకపోయిన ఆ కథ ఇప్పుడు మీ అందరికీ తీరిగ్గా చెబుతాను.

నా ఉద్యోగం పేరు గైడ్ లెక్చరర్. అంటే సైన్సు ప్రదర్శనశాల వాళ్ల బస్సులో ఊరూరా తిరిగి, వచ్చినవాళ్లకు బొమ్మలు చూపించి మాట్లాడటం. తొంభైలంతా వంకర అద్దాలతో, కప్పీలతో, లోలకాలతో తిరిగాను. పిల్లలు వంకర అద్దం ముందు నిలబడి లావుగా ఎందుకు కనిపిస్తున్నారో కొన్ని వేలసార్లు చెప్పి ఉంటాను. ఒక్కడూ పూర్తిగా వినలేదు. పక్కవాడు ఇంకా లావుగా ఉన్నాడని చూసుకుని తృప్తిగా వెళ్లిపోయేవారు.

రెండువేల సంవత్సరం దాటాక మా బస్సుకు సముద్రం పిచ్చి పట్టింది. పైవాళ్లు డబ్బిచ్చారు, మేం సముద్రం తయారుచేశాం. మా టెక్నీషియన్ ఒక పొడవాటి గాజు తొట్టి కట్టాడు. ఒక చివర హ్యాండిల్ తిప్పితే రెండో చివర ఇసుక ఒడ్డుకు అలలు వచ్చి తాకుతాయి. చంద్రుణ్ణి ఊచకు గుచ్చి తిప్పితే ఆటుపోట్లు తెలిసే నమూనా ఒకటి. సముద్రం ఎంత లోతో చూపించే పటం ఇంకొకటి. టెక్నీషియన్‌కు పెళ్లి కాలేదు, ఆ తొట్టిని కన్నకూతురిలా చూసుకునేవాడు. ఎవరైనా హ్యాండిల్ గట్టిగా తిప్పితే అతని మొహం చూడలేకపోయేవాళ్లం.

మొదట దాన్ని తీరం ఊళ్లలో తిప్పాం. అక్కడి జాలరులు వచ్చి, మా అల కేసి ఒకసారి, మా కేసి ఒకసారి చూసి, నవ్వు ఆపుకుని వెళ్లేవారు. నేనూ సముద్రానికి కూతవేటు దూరంలో పుట్టినవాణ్ణే కాబట్టి వాళ్ల నవ్వు నాకు బాగా అర్థమైంది. ఆఫీసు మీటింగులో లేచి, ఈ బస్సును సముద్రం లేని చోటికి పంపాలి, చిత్తూరు జిల్లా పడమటి మండలాలకు తీసుకెళ్తానని అన్నాను. మా డైరెక్టరును అందరం పెద్దసారు అనేవాళ్లం. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "సముద్రం మొహం చూడని ఊళ్లలో సముద్రం ఎవరికయ్యా కావాలి?" అన్నారు.

"చూడనివాళ్లకే కదా సార్ చూపించాలి!" అన్నాను. మీటింగులో మాట బాగా పేలింది. బాగా పేలిన మాటల వల్ల ఎన్ని కష్టాలు వస్తాయో మీకు కూడా అనుభవం మీద తెలుస్తుంది.

పెద్దసారు మూడు ఊళ్లకు ఒప్పుకున్నారు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, ఊరికి మూడేసి రోజులు. జనం వస్తే పర్యటన కొనసాగుతుంది. రాకపోతే బస్సు తీరానికి, నేను వంకర అద్దాల గదికి. ఆ రెండో ముక్క ఆయన తమాషాగా అన్నారు, నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇంకో పదేళ్లు ఆ అద్దాల ముందు నిలబడటం నావల్ల కాదు.

నాకంటే సంబరపడింది మా డ్రైవరు. అతనిది కుప్పం దగ్గర పల్లె. తల్లి లేకపోతే అక్క పెంచి పెద్దచేసింది. పట్టుపురుగులు మేపుకుంటూ ఆమె ఎన్నడూ ఆ చుట్టుపక్కల దాటి పోలేదు. సంగతి తెలియగానే అక్కకు ఫోన్ చేసి, "నువ్వేం రాబళ్లా అక్కా, సముద్రాన్ని నేనే తోలుకొని వస్తాండా" అని చెప్పేశాడు. జీతం మాది, ప్రచారం అతనిది.

అవి వరసగా వానలు మొహం చాటేసిన ఏళ్లు. పడమటి మండలాల్లో బోర్లు ఎండిపోయి, ట్యాంకర్లతో నీళ్లు తోలుతున్న కాలం. అక్కడికి వెళ్లి, మా అలల తొట్టికి నీళ్లు కావాలని అడిగితే తంతారు, తన్నాల్సిందే. అందుకని తీరం నుంచే నీళ్లు తీసుకుపోదామన్నాను. అసలు సముద్రం నీళ్లు, పైగా ఎవరి నోటి దగ్గరివీ లాక్కున్నట్టు కాదు. నెల్లూరు దిక్కు తీరంలో నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు నింపి, వెనక ఒక మినీ లారీలో ఎక్కించాం. తొట్టి ఇనుప చట్రానికి తుప్పు పడుతుందని టెక్నీషియన్ దారి పొడుగునా సణుగుతూనే ఉన్నాడు.

మదనపల్లెలో టమోటా మార్కెట్‌కు దగ్గరగా బస్సు నిలిపాం. రద్దీ ఉన్న చోటు కాబట్టి జనం వస్తారని నా లెక్క. వచ్చారు, బస్సు నీడకు. కలకడ నుంచి, పెద్దమండ్యం నుంచి టమోటాలు తెచ్చిన రైతులు వేలం అయ్యేదాకా బస్సు పక్కన తువ్వాళ్లు పరిచి పడుకున్నారు. నేను మైకులో, "మనం సముద్రపు ఒడ్డున నిలబడినప్పుడు పాదాల కింద ఇసుక జారుతున్నట్టు మనందరికీ అనుభవమే..." అని మొదలుపెట్టాను. ఒక పెద్దాయన అటు ఒత్తిగిల్లి పడుకున్నాడు. పక్కనే ఉన్న అంగళ్లు అనే ఊరి ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాళ్లు కొందరు వచ్చి, అలల తొట్టి మోటారు ఎన్ని హెచ్‌పీ అని అడిగారు. మోటారు లేదు, చేత్తో తిప్పాలని తెలిసి, మా మీద జాలిపడి వెళ్లిపోయారు.

ఒక్క రైతు మాత్రం లోతు పటం ముందు చాలాసేపు నిలబడ్డాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఎంత లోతప్పా ఇది?"

"కొన్ని చోట్ల పది కిలోమీటర్ల పైనేనండి."

"అడుగుల్లో చెప్పు."

"ముప్పై వేల అడుగుల పైమాటే."

ఆయన నోరు తెరిచి పటం కేసి చూశాడు. ఆయన చేలో ఎనిమిది వందల అడుగులు వేసినా పొడి మట్టే వచ్చిందట.

"అంత లోతు పోయినా ఉప్పునీళ్లేనా పడినాయి?" అన్నాడు. "అయ్యో, పాపం!"

సముద్రం మీద అంత నిజమైన సానుభూతి చూపించిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. కానీ ఒక్కడి సానుభూతి పెద్దసారుకు సరిపోదు. మూడు రోజులూ అయ్యాక ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి, స్పందన పరవాలేదన్నాను. పరవాలేదంటే ఏమిటో ఆయనకు తెలుసు. "పుంగనూరుకు నేనే వస్తున్నా. రెండో రోజు పొద్దున. అక్కడా ఇంతే అయితే బస్సు అటునుంచి అటే తిప్పేద్దాం. కుప్పం వద్దు," అన్నారు.

ఆ మాట డ్రైవరుకు చెప్పలేక చెప్పాను. అతను స్టీరింగు మీద చెయ్యి వేసి నా కేసి తిరిగాడు. "సార్, నేను ఊరంతా చెప్పుకొని ఉండా. ఇప్పుడు సముద్రం రాలేదంటే మా అక్క నన్ను బతకనిస్తాదా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ ఆ తర్వాత పుంగనూరు దాకా పాటలు పెట్టలేదు.

పుంగనూరులో ఒక బడి ఆవరణలో బస్సుకు చోటిచ్చారు. మొదటి రోజు సామాను దించి, తొట్టి బిగించేసరికి సాయంత్రమైంది. అలల తొట్టిలో నీళ్లు పొద్దున పోద్దామనుకున్నాం. డ్రమ్ములు ఎండకు వేడెక్కకుండా నీడ చూసి, బడి గోడ బయట వీధివైపు వరసగా పెట్టించాడు టెక్నీషియన్. మంచి నీడ. మధ్యాహ్నం దాకా ఎండ పడని చోటు. ఆ చోటు అంత ఖాళీగా ఎందుకుందని మా ముగ్గురిలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

ఆ వీధి పద్ధతి మాకు తర్వాత తెలిసింది. నీళ్ల ట్యాంకరు ఆగే చోటు అదే. వీధిలో ప్రతి ఇంటికీ ఒక డ్రమ్ము, ప్రతి డ్రమ్ముకూ ఒక గుర్తు. ఒకటి పసుపు గుడ్డ కట్టింది, ఒకటి తెల్ల సున్నం చుక్కలది, ఒకటి చెవి తెగింది. గుర్తున్న డ్రమ్మును ఇంకొకరు ముట్టుకుంటే ఆ రోజు వీధిలో ఎవరికీ అన్నం సయించదు. ఇక గుర్తు లేని డ్రమ్ములో నీళ్లున్నాయంటే, ట్యాంకరువాడు మిగిలిన నీళ్లు అందరి కోసం అందులో పోసి పోయాడని అర్థం. మా డ్రమ్ములకు ఏ గుర్తూ లేదు. కొత్తవి, నీలంగా మెరుస్తున్నాయి, మూతి దాకా నిండి ఉన్నాయి.

పొద్దున్నే టిఫిన్ చేసి వచ్చేసరికి డ్రమ్ములన్నీ బోర్లించి ఉన్నాయి. శుభ్రంగా కడిగి మరీ బోర్లించారు, అది వాళ్ల మర్యాద. టెక్నీషియన్ ఒక్కో డ్రమ్మూ ఎత్తి కింద చూశాడు. సముద్రం ఏదైనా డ్రమ్ము కింద దాక్కుందేమోనని ఆశ కాబోలు. నేను గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. ఇంకో గంటలో పెద్దసారు వస్తారు. ఖాళీ గాజు తొట్టిలో ఇసుక ఒడ్డు ఒక్కటే ఉంది, అలలు లేని ఒడ్డు. ఆ క్షణంలో వంకర అద్దాల గది, అందులో పొట్టిగా లావుగా నేను, స్పష్టంగా కనిపించాం.

ట్యాంకరు నీళ్లు అడుగుదామా అని డ్రైవరు అన్నాడు. అడగకూడదని ముగ్గురికీ తెలుసు.

అదే సమయానికి వీధిలో గొడవ మొదలైంది. ఆ రోజు ఆలస్యంగా వచ్చిన ట్యాంకరు చుట్టూ ఆడవాళ్లు మూగారు. పాపం ఆ ట్యాంకరువాడు స్టీరింగు మీద చేతులు జోడించి, "నా బిడ్డల మీద ఒట్టు, పొద్దన నేను రాలేదమ్మా!" అని మొత్తుకుంటున్నాడు. విషయం ఏమిటంటే, తెల్లవారుజామున తోడుకుపోయిన నీళ్లు ఉప్పగా ఉన్నాయి. ఆ ఊళ్లో ఉప్పు బోర్లు మామూలే కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. వీడు ఈసారి ఏదో ఉప్పు బోరు నీళ్లు తెచ్చి పోశాడనుకున్నారు. తాగడానికి కాకపోయినా వంటకు వస్తాయనుకున్నారు. రాలేదు. ఆ నీళ్లలో పప్పు ఉడకలేదు, సంగటి నోట పెట్టుకునేట్టు లేదు, సబ్బు నురగ రాలేదు. బియ్యం కడిగినవాళ్లకు బియ్యం కూడా పోయాయి.

ట్యాంకరువాడు తప్పించుకోవడానికి చుట్టూ చూసి, మా బస్సు కేసి చెయ్యి చూపించాడు.

అంతే. బిందెలతో, తపేలాలతో వీధి వీధంతా బడి గేటులోకి వచ్చింది. ముందు నడిచేది బడి ఎదురుగా చిల్లర కొట్టు నడిపే ఒక అక్క. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, మసి పట్టిన పప్పు తపేలాను మూతతో సహా గుడ్డతో పట్టుకుని వచ్చింది. సాక్ష్యం కింద తెచ్చిందన్నమాట.

"ఏమప్పా, ఆ నీళ్లు మీయేనా?"

"ఏ నీళ్లమ్మా?" అన్నాను, తెలిసి కూడా.

"ఏ నీళ్లా? పొద్దన్నుంచి కట్టెలు ఎగదోస్తాండా. బ్యాళ్లు సూడు, రాళ్ల మాదిరి అట్లే ఉండాయి. యాడివప్పా ఈ నీళ్లు?" బ్యాళ్లంటే అక్కడ పప్పు.

"సముద్రానివమ్మా."

అక్క నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"సముద్రాన్ని ఎవురన్నా ఈదిలో పెట్టి పోతారా?"

ఇన్నేళ్ల ఉద్యోగంలో నా దగ్గర జవాబు లేని ప్రశ్నలు చాలా వచ్చాయి. అంత న్యాయమైన ప్రశ్న మాత్రం రాలేదు.

సరిగ్గా అప్పుడే పెద్దసారు జీపు గేటులోకి వచ్చింది. ఆయనకు కనిపించింది ఏమిటో ఊహించుకోండి. ఆవరణ నిండా జనం. చంకల్లో బిందెలతో వందమందికి తక్కువ లేని ఆడవాళ్లు, వాళ్ల వెనక పిల్లలు, బడి కిటికీల నిండా తలలు, మధ్యలో నేను. ఆయన మొహం వెలిగిపోయింది. మా శాఖలో ఎవరికీ ఎప్పుడూ పూర్ణకుంభ స్వాగతం దొరకలేదు. కళ్లజోడు సవరించుకుని, జీపు దిగీ దిగగానే, "చాలా సంతోషం అమ్మా! మీలో ఎవరైనా సముద్రం చూశారా?" అని అడిగారు.

కొట్టు అక్క వెనక్కి తిరిగింది.

"సూళ్లేదు సార్," అంది. "ఉడకబెట్నాం."

పెద్దసారు నా కేసి చూశారు. ఆయన అర్థం చేసుకోవడానికి పట్టిన కాస్తసేపు నాకు చాలా పెద్దదనిపించింది. డ్రైవరు గబగబా వచ్చి నాలుగు ముక్కల్లో జరిగింది చెప్పాడు. పెద్దసారు బెంచీ లాక్కుని నీడలో కూర్చున్నారు, వంకర అద్దాల ఆర్డరు ఎలా రాయాలో ఆలోచిస్తున్నవారిలా.

అప్పుడు అక్క చేతిలోని తపేలా నా కంటపడింది. ఇంకా వెచ్చగానే ఉంది. నేను నెలల తరబడి బట్టీ పట్టిన ఉపన్యాసంలో ఇసుక, పాదాలు, సూర్యాస్తమయం ఉన్నాయి. పప్పు తపేలా లేదు. ఆ ఉపన్యాసాన్ని అక్కడే వదిలేశాను.

"అమ్మా, తపేలాలో నీళ్లు ఉప్పే కదా?"

"ఉప్పు కాదు, విషం."

"ఆ మూత తీసి, లోపలివైపు అంటుకున్న చుక్క వేలితో నాకి చూడు."

ఎగతాళి చేస్తున్నానేమోనని ఒక చూపు చూసి, మూత తిప్పి, వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది. మళ్లీ ఇంకో చుక్క పెట్టుకుంది.

"సప్పగుండాదే!"

మూత చేతులు మారింది. ఒకామె నాకి పక్కామెకు ఇచ్చింది, ఆమె చంటిదాని నోట్లో పెట్టింది. ఇంకో ఇద్దరు తమ తపేలాల మూతలు తెచ్చుకోవడానికి ఇంటికి పరిగెత్తారు. మదనపల్లెలో మూడు రోజులు మైకు పెట్టుకుని అరిచినా రానంత శ్రద్ధ ఆ ఒక్క మూత చుట్టూ వచ్చింది. ఆ నీళ్లలో ఉప్పొక్కటే కాదు, సున్నం లాంటివి ఇంకా చాలా ఉంటాయి, అవి పప్పుకు పట్టుకుని మెత్తబడనివ్వవు, పొయ్యి మీద ఆవిరై లేచేవి మాత్రం ఉత్త నీళ్లేనని చెప్పాను. మీ పొయ్యి చేసిన పనే సముద్రం మీద సూర్యుడు చేస్తాడని చెప్పాను. ఆ ఆవిరే మబ్బవుతుంది, ఆ మబ్బే వాన అవుతుంది.

"అంటే మా వాన, ఈ పాడు నీళ్లదేనా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"ఈ పాడు నీళ్లదేనమ్మా."

"మరి యాల రాలే?"

వాన ఎందుకు రాలేదని అడిగింది ఒక నడివయసు ఆమె. చంకలో ఖాళీ బిందె ఉంది. నవ్వులాటగా అడగలేదు. అందరూ నా మొహం కేసి చూశారు. గాలుల గురించి, కొండల గురించి నాకు తెలిసినంతా చెప్పాను. ఎప్పుడు ఎక్కడ ఎంత కురుస్తుందో మావాళ్లకు కూడా పూర్తిగా తెలియదని చెప్పాను. ఆమె తల ఊపింది. అంతవరకూ నాకు సముద్రమంటే నా ఉద్యోగం, నా బస్సు, నేను గెలవాల్సిన పందెం. వీళ్లకది ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న వాన అని అప్పుడే తెలిసింది. చాలా బాధేసింది.

ఆ బరువు దించింది మళ్లీ కొట్టు అక్కే. "సరే, ఎవురి నీళ్లు వాళ్లకు ఇచ్చేయండి. మనకెందుకు ఈ సముద్రం!" అని, తపేలా తెచ్చి అలల తొట్టిలో ఒంపింది. ఆమె వెనక వరస కట్టారు. పూర్తి బిందెలు, సగం బిందెలు, బట్టలు నానబెట్టిన బకెట్లు, బియ్యం కడిగిన కడుగు. "అమ్మా, వద్దమ్మా, అది అడుగున పడుతుందమ్మా!" అంటూ టెక్నీషియన్ తన కొత్త తువ్వాలు తొట్టికి అడ్డం పెట్టి వడగట్టడం మొదలుపెట్టాడు. తువ్వాలులో పప్పు పేరుకుంది. అయినా కొన్ని బద్దలు తప్పించుకుని తొట్టిలో పడి అడుగుకు చేరాయి. పిల్లలు వాటికి చేపలని పేరు పెట్టారు.

సముద్రం మూడువంతులు నిండింది. ఒక పాప వెళ్లి హ్యాండిల్ తిప్పింది. అల లేచి, ఇసుక ఒడ్డును తాకి, తెల్లగా నురగ కక్కింది. టెక్నీషియన్ అట్లాగే నిలబడిపోయాడు. తొట్టి కట్టిన నాటి నుంచి ఆ నురగ కోసం అతను చెయ్యని ప్రయత్నం లేదు. పుంగనూరు పప్పు కట్టు, బియ్యపు కడుగు కలిసి ఆ పని చేసిపెట్టాయి. ఆ తర్వాత హ్యాండిల్ కోసం జరిగిన తోపులాటలో అతను ఒక్కసారి కూడా మొహం చిట్లించలేదు.

మధ్యాహ్నం దాకా జనం కదల్లేదు. ట్యాంకరువాడు కూడా వచ్చి వరసలో నిలబడి, తన వంతు హ్యాండిల్ తిప్పి, నిర్దోషిగా బయటికి నడిచాడు.

చివరికి పెద్దసారు బెంచీ మీంచి లేచి తొట్టి దగ్గరికి వచ్చారు. గాజు మీద టెక్నీషియన్ గీసిన ఎర్ర గీత, దాని కింద ఎక్కడో నీళ్లు. ఆఫీసు ఆస్తి లెక్క తేలకపోతే ఆయనకు నిద్ర పట్టదు.

"మిగతాది ఏమైంది?" అని అడిగారు, ఎవరిని ఉద్దేశించో తెలియకుండా.

కొట్టు అక్క ఖాళీ తపేలా నడుముకు ఆనించుకుంది. "ఆవిరై పైకి పోయింది గదా సార్. ఇబ్బుడే గదా మీ సారు సెప్పినాడు, అది మళ్లా మా మీదనే పడాలని."

పెద్దసారు నవ్వడం నేను అదే మొదటిసారి చూడటం. ఆయనకు పళ్లు అంత తెల్లగా ఉంటాయని ఆఫీసులో ఎవరికీ తెలియదు. జీపు ఎక్కుతూ నాతో రెండే మాటలన్నారు. "కుప్పం పొండి. ఆ డ్రమ్ముల మీద ముందు ఏదో ఒకటి రాయించండి."

రాయించాం. డ్రైవరు చెప్పగా పుంగనూరు పెయింటరు ఒకతను ప్రతి డ్రమ్ము మీదా తెల్ల అక్షరాలతో రాశాడు: 'ఇది సముద్రం. బ్యాళ్లు ఉడకవు.' కుప్పంలో జనం మా బస్సు కంటే ముందు ఆ డ్రమ్ముల దగ్గరికే వచ్చారు. చదివి, నవ్వి, నిజమో కాదో చూద్దామని వేలు ముంచి నాకారు. తర్వాత వాళ్లే అడిగారు, ఎందుకు ఉడకవని. మా ఉపన్యాసం ఆ ప్రశ్నతో మొదలయ్యేది. మీరు ఎగ్జిబిట్లు చేసేటప్పుడు ముందు జనం అడిగే ప్రశ్న వెతుక్కోండి, మీ జవాబు తర్వాత చూసుకోవచ్చు. ముసలాణ్ణి కాబట్టి ఈ ఒక్క సలహా ఇచ్చే హక్కు నాకుంది.

డ్రైవరు అక్క రెండో రోజు వచ్చింది. ఊరివాళ్లను ఒక ఆటో నిండా ఎక్కించుకుని, తలలో పూలు పెట్టుకుని వచ్చింది. డ్రైవరు యూనిఫాం ఇస్త్రీ చేయించుకుని ఉన్నాడు. ఆమె వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, మొహం వికారంగా పెట్టి, "ఈ ఉప్పుదాని కోసమా అబ్బయ్యా నువ్వు జాతరకు కూడా రాకుండా ఉండిపోతివి?" అంది. అందరం నవ్వాం. అతను తల గోక్కున్నాడు. ఆ తర్వాత ఆమె హ్యాండిల్ పట్టుకుంది. అల వచ్చేది, పోయేది. వెనక వరస పెరుగుతూ ఉన్నా ఎవరూ ఆమెను తొందరపెట్టలేదు. చాలాసేపటికి హ్యాండిల్ వదిలి, "ఇది ఆడ రాత్రీ పగలూ ఇట్లే వస్తానే ఉంటాదా? ఎవురు తిప్పుతారు?" అని తమ్ముణ్ణి అడిగింది. అతను నా కేసి చూశాడు. ఆ రోజు ఆ జవాబు అతన్నే చెప్పనిచ్చాను. గాలి తిప్పుతుందని, నేను చెప్పేదానికంటే బాగా చెప్పాడు.

బస్సు పర్యటన ఆగలేదు. వంకర అద్దాల గదికి ఇంకెవరినో వేశారు. నేను ఆఫీసుకు తిరిగొచ్చి, రిపోర్టు రాసి, మామూలు పనిలో పడిపోయాను.

మా బస్సు పక్క రేకు మీద ఆఫీసు ఫోన్ నంబరు పెద్ద అక్షరాలతో రాసి ఉండేది. అన్నేళ్లలో ఆ నంబరుకు వచ్చిన ఫోన్లన్నీ, బస్సు దారికి అడ్డంగా ఉంది తీయండి అనే. ఆ ఏడు వానాకాలం చివర్లో ఒక సాయంత్రం ఆ ఫోన్ మోగింది. ఎత్తాను. అవతల పెద్ద హోరు. లైను పాడైందనుకుని పెట్టేయబోయాను.

"బస్సు సారేనా? పుంగనూరు నుంచి, కొట్టు అక్కను మాట్లాడతాండా!"

"చెప్పమ్మా, ఏంటా చప్పుడు?"

"సార్, మా నీళ్లు మాకు వచ్చినాయి!" ఆమె హోరును మించి అరుస్తోంది. వెనక పిల్లల కేకలు కూడా వినిపిస్తున్నాయి. "పొద్దన్నుంచి పడతానే ఉండాది. ఈదిలో అందురం డ్రమ్ములు బయట పెట్నాం."

ఫోన్ అట్లాగే చెవికి ఆనించుకుని ఆ చప్పుడు విన్నాను. సముద్రం పక్కన పుట్టి పెరిగినవాణ్ణి, నీళ్ల చప్పుడు అంత శ్రద్ధగా ఎప్పుడూ వినలేదు.

"రుచి చూశావా అక్కా?" అన్నాను చివరికి.

"సూసినా. సప్పగుండాయి," అంది. "బ్యాళ్లు పొయ్యి మీదే ఉండాయి. ఉడుకుతాండాయి."

ఫోన్ పెట్టేసింది.